సేద్యమూ ఆతిథ్యమూ: ఇటలీ 'అగ్రితురిజ్మో' వెలుగులో కొల్లేరు పరిసర గ్రామాలు

వ్యాససంగ్రహం

ఇటలీ పల్లెల్లో పాత రైతు ఇళ్ళు అతిథిగృహాలుగా మారడం వెనుక ఒక సేద్య సంక్షోభమూ, దాని తరువాత వచ్చిన ఒక చట్టమూ ఉన్నాయి. అతిథిని ఉంచుకొనే హక్కును ఆ చట్టం భూమి సాగుచేసే వ్యక్తికే పరిమితం చేసింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసర గ్రామాల్లో ఇల్లు ఒకరిది, భూమి మరొకరిది, సేద్యం ఇంకొకరిది. అందువల్ల ఇటలీ భవనాన్ని అనుకరించడం వేరు, ఇటలీ నియమాన్ని గ్రహించడం వేరు. ఈ తేడాను భూసంబంధాలు, అభయారణ్య నిబంధనలు, పంటల కాలక్రమం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: అగ్రితురిజ్మో, సేద్య ఆతిథ్యం, కొల్లేరు, మండువా లోగిలి, కౌలుదారు, లంక గ్రామాలు, కోకో.

1. ఉపోద్ఘాతం

తస్కనీ ప్రాంతంలో గుట్టమీద ఒక రాతిగోడల ఇల్లు. కింది అంతస్తులో ఒకప్పుడు ఎడ్లను కట్టేవారు. పై గదుల్లో రైతు కుటుంబం కాపురముండేది. ఇప్పుడు కింది కొట్టం భోజనశాల అయింది. పై గదుల్లో నగరాల నుంచీ విదేశాల నుంచీ వచ్చినవారు బసచేస్తారు. కిటికీ తెరిస్తే ద్రాక్షతోట, ఆలివ్ చెట్లు, దారికి ఇరువైపులా సైప్రస్ వరుసలు. ఉదయం బల్లమీదికి వచ్చే నూనె, చీజ్, తేనె ఆ పొలంలోనో పక్క పొలంలోనో తయారైనవి. ఇలాంటి ఇళ్ళలో సాదాసీదావి ఉన్నాయి. పెద్ద హోటళ్ళకు తీసిపోని అద్దె పలికే విలాసగృహాలూ ఉన్నాయి. దేశం మొత్తంమీద వీటి సంఖ్య నేడు 25 వేలకు పైమాటే. వీటికి ఇటాలియన్ భాషలో 'అగ్రితురిజ్మో' అని పేరు.

ఏలూరులో రైలెక్కి భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు మీదుగా తాడేపల్లిగూడెం చేరే ప్రయాణికుడికి కనిపించే దృశ్యం వేరు. వరిచేలు, కొబ్బరి చెట్లు, చేపల చెరువుల గట్లు, వాటికి దక్షిణాన కొల్లేరు. అందానికి ఇక్కడా లోటు లేదు. అక్కడి వంటి ఇల్లొకటి ఇక్కడ కడితే అక్కడి వంటి అతిథులే వస్తారనుకోవడం సహజం. కోనసీమలోని దిండి వంటిచోట్ల గోదావరి పాయ ఒడ్డున, కొబ్బరితోటల మధ్య వెలసిన వసతిగృహాలు ఆ ఊహకు బలమిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024-29 పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా కూడా ఇచ్చింది.

'పరిశ్రమ' అనే మాట దగ్గర కొంత ఆగవలసి ఉంది. ఇటలీ చట్టం ఇదే పనిని పరిశ్రమగా చూడలేదు. వ్యవసాయానికి అనుబంధంగా చూసింది. ఆ ఒక్క మాట తేడాలోనే అతిథి చెల్లించే సొమ్ము ఎవరికి చేరుతుందన్న ప్రశ్నకు సమాధానం ఉంది.

2. అతిథికి వెల కట్టడం

తెలుగు పల్లెలో అతిథి నుంచి డబ్బు తీసుకోవడం చాలాకాలం చిన్నతనంగా ఉండేది. అన్నం పెట్టడం పుణ్యం, అన్నం అమ్మడం గతిలేని పని అన్న భావం బలంగా ఉండేది. గోదావరి లంకల్లో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరు నేటికీ ఆ విలువకు గుర్తుగా నిలిచి ఉంది. అయితే దీనికి సమాంతరంగా మరో సంప్రదాయమూ ఉంది. 'క్రీడాభిరామం' ఓరుగల్లు నగరంలో డబ్బు తీసుకొని భోజనం పెట్టే పూటకూటి ఇంటిని వర్ణించింది. గురజాడ 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ ఒక ప్రధాన పాత్ర. వెల తీసుకొనే ఆతిథ్యం తెలుగువారికి కొత్త కాదు. దానికి గౌరవం తక్కువ, అంతే. ఆ వృత్తిలో ఒంటరి స్త్రీలు ఉండడం, వారిని సమాజం చులకనగా చూడడం 'కన్యాశుల్కం' చదివినవారికి తెలిసినదే.

నేడు ఆ సంకోచం చాలావరకు సడలింది. సంక్రాంతి మూడు రోజుల్లో భీమవరం, తాడేపల్లిగూడెం పరిసరాల్లో వసతి గది దొరకడం కష్టం. కోడిపందేలకో పండుగ సరదాకో వచ్చేవారి కోసం గదులు ముందే నిండిపోతాయి. ఏడాదికి మూడురోజుల పాటు డెల్టా ప్రాంతం మొత్తం ఒక పెద్ద అతిథిగృహమవుతుందన్నా తప్పులేదు. కానీ ఆ మూడురోజుల రాబడికీ సేద్యానికీ సంబంధం లేదు. కుప్ప నూర్చి ఇల్లు చేరిన ధాన్యం పండుగకు కారణమే గానీ, అతిథి ఖర్చులో ధాన్యం పండించినవాడికి వాటా లేదు.

3. తస్కనీలో ఖాళీ అయిన ఇళ్ళు

ఇటలీలోని రైతు ఇళ్ళు పొలం మధ్యలో ఉండడానికి చారిత్రక కారణం 'మెద్జాద్రియా' అనే పాలు సేద్యపు పద్ధతి. భూమి, ఇల్లు యజమానివి. శ్రమ రైతు కుటుంబానిది. పంట స్థూలంగా చెరిసగం. ఒక్కొక్క కుటుంబానికి అప్పగించిన కమతాన్ని 'పొదేరె' అనేవారు. రైతు కుటుంబం ఆ కమతంలోనే కాపురముండాలన్నది ఒప్పందంలో భాగం. అందుకే తస్కనీలో గుట్టకొక ఇల్లు కనిపిస్తుంది. నేటి పర్యాటకుడు మెచ్చుకొనే ఏకాంతం ఒకనాటి పాలేరు కుటుంబానికి షరతు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ కుటుంబాలు పొలం వదిలి కర్మాగారాలున్న పట్టణాలకు వెళ్ళిపోయాయి. 1964లో 756వ నంబరు చట్టం కొత్త మెద్జాద్రియా ఒప్పందాలను నిషేధించింది. 1982లో 203వ నంబరు చట్టం మిగిలిన పాలు ఒప్పందాలను కౌలుగా మార్చుకొనే వీలు కల్పించింది. అప్పటికే వేల ఇళ్ళు పాడుపడ్డాయి. బ్రిటిష్, జర్మన్ కొనుగోలుదారులు వాటిని చౌకగా కొని వేసవి విడిదులుగా బాగుచేసుకున్నారు. దక్షిణాన పూల్యా ప్రాంతంలో ఎత్తైన ప్రహరీలతో ఉండే 'మస్సెరియా' అనే పెద్ద సేద్యగృహాలకూ ఇంచుమించు ఇదే గతి పట్టి, తరువాత ఇదే యోగం పట్టింది.

అంటే విలాసవంతమైన రైతు ఇల్లు సేద్యపు సంపదకు చిహ్నంగా పుట్టలేదు. సేద్యం విడిచిపోయినవారి జాడగా మిగిలింది. ఈ నేపథ్యంలోనే రైతుసంఘాలు ఒక వాదన తెచ్చాయి. ఇళ్ళు ఎలాగూ అతిథుల పాలవుతున్నాయి. ఆ రాబడి పొలంలో మిగిలిన రైతుకే దక్కితే అతడు పొలం వదలడు. 1965లో ఏర్పడిన 'అగ్రితురిస్ట్' సంఘం ఈ వాదనకు తొలి వేదిక. ఇరవై ఏళ్ళ తరువాత, 1985 డిసెంబరు 5న, 730వ నంబరు చట్టం వచ్చింది. దాని స్థానంలో 2006 ఫిబ్రవరి 20 నాటి 96వ నంబరు చట్టం నేడు అమలులో ఉంది.

4. చట్టం పెట్టిన మెలిక

2006 చట్టంలో నాలుగు అంశాలు తెలుగు పాఠకుడికి ప్రత్యేకంగా పనికివస్తాయి. మొదటిది, అతిథిని ఉంచుకొనే అర్హత ఇటలీ పౌరస్మృతి 2135వ అధికరణం నిర్వచించిన వ్యవసాయదారుడికే ఉంది. భూమిని సాగుచేసేవాడు, అడవిని పెంచేవాడు, పశువులను మేపేవాడు ఆ నిర్వచనంలోకి వస్తారు. ఆ నిర్వచనానికి భూమిమీద యాజమాన్యం ఆధారం కాదు, చేసే పని ఆధారం. రెండవది, ఆతిథ్యం సేద్యానికి అనుబంధంగా ఉండాలి. సేద్యానిదే పైచేయి కావాలి. ఏది ప్రధానమో తేల్చడానికి ప్రాంతీయ ప్రభుత్వాలు ముఖ్యంగా పనికాలాన్ని లెక్కిస్తాయి. పొలంలో గడిపిన పనిదినాలు అతిథుల కోసం గడిపిన పనిదినాలకన్నా ఎక్కువ ఉండాలి. అయితే బస, భోజనాల అతిథులు పదిమందికి మించకపోతే ఈ లెక్కతో పనిలేదు. సేద్యమే ప్రధానమని చట్టం తనంతట తానే భావిస్తుంది. చిన్నరైతుకు ఇచ్చిన ఈ వెసులుబాటు మొత్తం చట్టంలోకెల్లా తెలివైన నిబంధన అనిపిస్తుంది.

మూడవది, పొలంలో అప్పటికే ఉన్న కట్టడాలనే అతిథుల కోసం వాడాలన్నది ఈ చట్టం ధోరణి. కొత్త భవనాల కోసం పొలం తరిగిపోకుండా ఇది కాపాడుతుంది. నాలుగవది, వడ్డించే ఆహారంలో సొంత పంటకు, చుట్టుపక్కల పొలాల పంటకు పెద్దపీట వేయాలి. ఇవన్నీ పాటించని హోటల్ ఎంత అందమైన పాత ఇంట్లో ఉన్నా 'అగ్రితురిజ్మో' అనే పేరు పెట్టుకోరాదు. పేరును కూడా పంటలా కాపాడుకున్నారన్నమాట. పన్నులోనూ ఈ దృష్టి కనిపిస్తుంది. 1991 నాటి 413వ నంబరు చట్టం ప్రకారం అర్హులైన వ్యవసాయదారులకు ఈ రాబడిలో 25 శాతాన్నే పన్ను విధించదగిన ఆదాయంగా లెక్కించే పద్ధతి ఉంది.

చట్టం ఇంత కట్టుదిట్టంగా ఉన్నా వ్యవహారంలో విలాసం చొరబడకపోలేదు. పొలం కేవలం తెరగా మిగిలి, ఈతకొలను చుట్టూ వ్యాపారం నడిచే ఇళ్ళు ఉన్నాయన్న విమర్శ ఇటలీలోనే ఉంది. వాల్ దోర్చా లోయను యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది అక్కడి సేద్యపు భూదృశ్యాన్ని చూసే. దున్నడం మానేస్తే ఆ దృశ్యమే ఉండదు. అతిథి చెల్లించే అద్దె దున్నేవాడికి చేరాలన్న వాదనకు ఇంతకన్నా ఆచరణాత్మకమైన కారణం అక్కర్లేదు.

5. ఊళ్ళో ఇల్లు, చేలో మకాం

డెల్టా పల్లె స్వరూపం తస్కనీకి పూర్తిగా భిన్నం. ఇక్కడ ఇళ్ళన్నీ ఊళ్ళో గుంపుగా ఉంటాయి. చేలు ఊరి వెలుపల. చేలో ఉండేది మకాం మాత్రమే: ఒక పాక, పశువులకు నీడ, పనిముట్లకు చోటు. చేపల చెరువుల గట్లమీద కాపలాకోసం వేసేదీ మకామే. పొలంలో కాపురముండే ఆచారం ఇక్కడ లేదు. కనుక 'ఫామ్‌హౌస్' అనే భవనం ఈ నేలమీద ఎప్పుడు కట్టినా కొత్తదే అవుతుంది. దానికోసం కొంత వరిచేను మెరక చేయవలసిందే.

ఈ ప్రాంతపు పాత సంపద ఊళ్ళోని మండువా లోగిళ్ళలో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువల కింద భూములు పండడం మొదలయ్యాక పెద్దరైతుల చేతికి సొమ్ము వచ్చింది. ఆ సొమ్ముతో నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశానికి తెరచిన మండువా, టేకు స్తంభాలు, పెంకు కప్పు, పెరట్లో ధాన్యపు గాదెలు, పశువుల చావడి గల ఇళ్ళు లేచాయి. వాన పడితే నాలుగు చూరుల నీరు మండువాలో పడి తూములోంచి బయటకు పోతుంది. ఎండాకాలం వేడిగాలి పైకి పోయి ఇల్లు చల్లబడుతుంది. నేడు వీటిలో చాలా ఇళ్ళ వారసులు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు. ఇంటికి తాళం, లేదా ఒక ముసలి దంపతులు.

తస్కనీలో ఇల్లు వదిలి వెళ్ళినవాడు పాలు సేద్యగాడు. డెల్టాలో ఇల్లు వదిలి వెళ్ళినవాడు భూయజమాని. ఖాళీ ఇళ్ళు రెండుచోట్లా ఉన్నాయి గానీ వాటి వెనుక కథ తలకిందులుగా ఉంది.

మండువా ఇళ్ళకు దగ్గరగా వచ్చే ఇటలీ నమూనా ఒకటి వేరే ఉంది. 1976లో ఫ్రియూలీ ప్రాంతంలో భూకంపం వచ్చి కార్నియా కొండపల్లెలు దెబ్బతిన్నాయి. 1980ల తొలి సంవత్సరాల్లో ఆ ఇళ్ళను బాగుచేసి అతిథులకు ఇచ్చే ఆలోచన అక్కడ మొదలైంది. అదే 'అల్బెర్గో దిఫ్ఫూజో', అంటే ఊరంతా పరచుకున్న హోటల్. గదులు ఊళ్ళోని వేర్వేరు ఇళ్ళలో ఉంటాయి. భోజనం, నిర్వహణ ఒకచోట ఉంటాయి. ఊరు ఊరుగానే ఉంటుంది. మూసిన లోగిలిలో రెండు గదులు, పక్కవీధిలో మరో గది, రామాలయం దగ్గరి ఇంట్లో భోజనం అనే అమరిక ఉండి, గణపవరం, భీమడోలు వైపు గ్రామాల్లో ఊహించడానికి సులువైనది. అయితే ఇది సేద్య ఆతిథ్యం కాదు, గ్రామ ఆతిథ్యం. చేలో పనిచేసేవాడు దీనిలో ఎక్కడున్నాడన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

6. 'వ్యవసాయదారుడు' ఎవరు?

పశ్చిమ డెల్టాలో వరిసేద్యం అధికభాగం కౌలుదారుల చేతిలో ఉంది. మక్తాగా ఎకరాకు ఇన్ని బస్తాలు అని మాట. ఒప్పందం ఎక్కువగా నోటిమాట. తుపాను వచ్చి పంట పడిపోయినా మక్తా గురించి బతిమాలుకోవలసింది కౌలుదారే. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కాలానికి సాగుదారు హక్కు పత్రం ఇవ్వాలంది. కానీ దానికి యజమాని సంతకంతో కూడిన ఒప్పందం కావాలి. భూమిమీద హక్కు పోతుందేమో అన్న అనుమానంతో సంతకానికి వెనుకాడే యజమానులు ఎందరో ఉన్నారు. 1956 నాటి కౌలుదారీ చట్టం నాటినుంచీ ఉన్న అనుమానమే ఇది.

ఇటలీ నిర్వచనాన్ని యథాతథంగా ఇక్కడ పెడితే అతిథిని ఉంచుకొనే హక్కు ఈ కౌలుదారుకు వస్తుంది. అతడికి అతిథిని ఉంచదగిన ఇల్లు లేదు. ఇల్లున్న యజమాని సేద్యం చేయడు. ఈ పీటముడిని విప్పకుండా 'సేద్య పర్యాటకం' అనే పేరుతో ఏ విధానం వచ్చినా దాని ఫలితం భూయజమానికీ, భూమి కొన్న పెట్టుబడిదారుకూ చేరుతుంది. కౌలుదారు కాపలాదారుగానో తోటపనివాడుగానో మారతాడు.

భారతదేశపు ప్రస్తుత నిబంధనలు ఈ ముడిని గమనించినట్లు లేదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకం ఒకటి నుంచి ఆరు గదుల ఇంటిని అనుమతిస్తుంది. యజమాని కుటుంబంతో అదే ఇంట్లో ఉండాలంటుంది. ఇటలీ చట్టం 'నీవు సేద్యం చేస్తున్నావా?' అని అడిగితే, మన పథకం 'నీవు ఈ ఇంట్లో ఉంటున్నావా?' అని అడుగుతుంది. అమెరికాలో ఉన్న లోగిలి వారసుడు రెండు ప్రశ్నలకూ లేదనే చెప్పాలి. మహారాష్ట్ర 2005 ప్రాంతంలో బారామతి దగ్గర మొదలైన ప్రయోగాల అనుభవంతో 2020లో ప్రత్యేక వ్యవసాయ పర్యాటక విధానం ప్రకటించింది. అక్కడ రైతు పేరున నమోదు అన్న ఆలోచన కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల చర్చకు ఇటలీకన్నా ముందు చూడవలసిన పొరుగు ఉదాహరణ అది.

పన్ను చట్టం కూడా ఆతిథ్యాన్ని సేద్యం నుంచి విడదీసే చూసింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం వ్యవసాయ ఆదాయానికి మినహాయింపు ఇస్తూనే, పొలంలోని భవనాన్ని నివాసానికో వ్యాపారానికో అద్దెకిస్తే వచ్చే రాబడి వ్యవసాయ ఆదాయం కాదని 2(1ఎ) విభాగం వివరణలో స్పష్టం చేసింది. వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చడానికి 2006 చట్టం ఒక గీత గీసింది: భూమి వ్యవసాయమైనా కావాలి, వ్యవసాయేతరమైనా కావాలి. ఆ చట్టాన్ని రద్దుచేయాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. ఆ నిర్ణయంతో భూమి మార్పిడి సులభమవుతుందే తప్ప, సేద్యమూ ఆతిథ్యమూ ఒకే గొడుగు కిందికి రావు.

7. కొల్లేరులో గది కట్టరాని చోటు

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరు దీనిలో చేరి ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి పోతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద ప్రయాణించింది ఈ సరస్సులోకే. నీటి మధ్య దిబ్బలమీద లంక గ్రామాలు. కిక్కిస గడ్డి, తాటిబోదెతో చేసిన దోనె, వలలు, మావులు, కొర్రమేను, మట్టగుడిస, జెల్ల: ఇవి ఈ గ్రామాల పాత జీవనోపాధికి సంబంధించిన మాటలు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణమాసంలో వచ్చే భక్తులు ఈ నీటిలో పడవల మీదే ప్రయాణించేవారు.

పక్షుల విషయంలో కొల్లేరుకు ఒక చరిత్ర ఉంది. 1946లో మలయాళ పక్షిశాస్త్ర రచయిత కె.కె. నీలకంఠన్ కొల్లేరు ప్రాంతంలో గూడబాతుల గూళ్ళ స్థావరాన్ని గుర్తించారు. అప్పుడు అక్కడ దాదాపు మూడువేల పక్షులు గూళ్ళు కట్టుకొని ఉన్నాయి. 1970ల మధ్యకాలానికి ఆ స్థావరం అంతరించింది. ఇప్పుడు కైకలూరు దగ్గరి ఆటపాకలో, అటవీశాఖ ఏర్పాటుచేసిన ఇనుప స్టాండ్లమీద గూడబాతులు మళ్ళీ గూళ్ళు కడుతున్నాయి. పడవలో తిరిగి చూసే ఏర్పాటు ఉంది. పక్షులు పోయి తిరిగి వచ్చిన ఈ నేలకు వచ్చే సందర్శకుడు సాధారణంగా సాయంత్రానికి ఏలూరుకో విజయవాడకో వెళ్ళిపోతాడు. రాత్రి ఇక్కడ ఉండడు.

ఉండకపోవడానికి చట్టపరమైన కారణమూ ఉంది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టులో 901 చదరపు కిలోమీటర్ల కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో వేల ఎకరాల చేపల చెరువుల గట్లను తెంపారు. తరువాతి సంవత్సరాల్లో చెరువులు మళ్ళీ వెలిశాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది; కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ అందుకు ఒప్పుకోలేదు. కాంటూరు లోపల జిరాయితీ భూములున్న రైతుల గోడు ఇంకా తీరలేదు. తమ పట్టాభూమిలో తాము ఏమి చేసుకోవాలో తెలియని స్థితి వారిది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 33వ విభాగం అభయారణ్యం లోపల వాణిజ్య వసతిగృహాలు, హోటళ్ళు జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు అనుమతి లేకుండా కట్టరాదంటుంది. 27, 28 విభాగాలు బయటివారి ప్రవేశాన్ని అనుమతికి లోబరుస్తాయి. ఇక్కడ గమనించవలసిన సున్నితమైన విషయం ఒకటుంది. 33వ విభాగం నిషేధించేది కట్టడాన్ని. లంక గ్రామంలో తరతరాలుగా ఉన్న ఇంట్లో ఒక గదిని అతిథికి ఇవ్వడం కట్టడం కాదు. ఇటలీ చట్టం కూడా ఉన్న ఇంటినే వాడమంది. సరస్సు ఒడ్డున అద్దాల గదులు కట్టాలనుకునే పెట్టుబడికి చట్టం అడ్డు నిలుస్తుంది. మత్స్యకార కుటుంబం తన ఇంటి గదిని ఇచ్చుకోవడానికి మాత్రం ప్రవేశానుమతి ఒక్కటే ప్రశ్న అవుతుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకుండా అటవీశాఖ అనుమతి విధానం రూపొందితే, కొల్లేరులో ఆతిథ్యపు రాబడి ముందుగా చేరవలసిన ఇళ్ళు ఇవే. చేపలు పట్టేవాడిని వ్యవసాయదారుడిగా ఇటలీ చట్టం మొదట లెక్కించకపోయినా, తరువాతి చట్టాల్లో చేపలవేటకు అనుబంధమైన ఆతిథ్యానికీ చోటు ఇచ్చింది. దానికి 'ఇత్తితురిజ్మో' అని వేరే పేరే పెట్టుకున్నారు.

8. అతిథికి చూపవలసిన పంట

తస్కనీలో అతిథి ద్రాక్షతోటను చూసి, పీపాల గదిలోకి వెళ్ళి, ద్రాక్షసారాయి రుచి చూసి, సీసా కొనుక్కుంటాడు. పంట నుంచి సరుకు వరకు ఒకే ఆవరణలో కనిపించడం ఆ ఆకర్షణకు మూలం. డెల్టాలో దీనికి సాటివచ్చే పంట వరి కాదు. ధాన్యం కళ్ళం నుంచి మిల్లుకు పోతుంది; అతిథి కళ్ళముందు అది అన్నం కాదు. సాటివచ్చేది కోకో.

ఏలూరు, పశ్చిమగోదావరి ప్రాంతాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకో అంతరపంటగా పెరుగుతుంది. దేశంలో కోకో దిగుబడిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటిస్థానం. కాయను కొట్టి, తెల్లని గుజ్జుతో ఉన్న గింజలను చెక్కపెట్టెల్లో వేసి, అరటాకులు కప్పి వారం దాకా పులియబెడతారు. గుజ్జు కరిగి, గింజ వేడెక్కి, రంగుమారి, అప్పుడే చాక్లెట్ వాసనకు పునాది పడుతుంది. తరువాత ఎండబెట్టడం. ఈ పనులన్నీ ఒక రైతు ఆవరణలో సాగగలవు. అతిథి చేత్తో తాకి, ముక్కుతో గుర్తుపట్టగల పంట ఇది. చాలామంది రైతులు గింజను కొనుగోలుదారు కోరినట్లు అమ్మేస్తున్నందువల్ల నాణ్యతకు తగిన ధర ఎప్పుడూ రాదు. పులియబెట్టిన పద్ధతిని కళ్ళారా చూసిన కొనుగోలుదారు ఆ ధరకు సాక్షి అవుతాడు. దగ్గరలోనే, వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగిలో 1995 నుంచి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్నాయి. సేద్య ఆతిథ్యానికి శిక్షణ ఇవ్వవలసివస్తే కొత్త సంస్థ అవసరం లేదు.

పెదవేగి పేరు వచ్చింది కనుక ఒక చిన్నమాట. శాలంకాయనుల, తూర్పు చాళుక్యుల వేంగి ఇదే. అక్కడికి దగ్గరలోనే క్రీస్తుపూర్వపు గుంటుపల్లి బౌద్ధగుహలు, ద్వారకాతిరుమల. చరిత్ర విద్యార్థి రెండు రోజులు గడపడానికి కారణాలు చాలా ఉన్నాయి. రాత్రి గడపడానికి చోటే తక్కువ.

భోజనం విషయంలో ఇటలీ నిబంధన ఇక్కడ తేలికగా నెరవేరుతుంది. దిబ్బరొట్టె, కొర్రమేను పులుసు, ఉలవచారు, జున్ను, కాలాన్నిబట్టి ముంజలో తేగలో. ఇవన్నీ నాలుగైదు మైళ్ళ లోపలి సరుకులే.

9. పనిదినాల లెక్క

కొల్లేరుకు అతిథులు వచ్చే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. పక్షులు ఉండేదీ, ఎండ ఓర్చుకోదగినదీ అప్పుడే. డెల్టా సేద్యంలో అదే ఊపిరాడని కాలం. సార్వా కోతలు, నూర్పిళ్ళు నవంబరు-డిసెంబరుల్లో. దాళ్వా నారుమడి, ఊడ్పులు ఆ వెంటనే. ఊడ్పులు స్త్రీలు వేస్తారు. అతిథికి వంట చేసేదీ, గది ఊడ్చేదీ, దుప్పట్లు ఉతికేదీ వారే అవుతారు. తస్కనీ ప్రాంతీయ నిబంధనల్లో సేద్యానికీ ఆతిథ్యానికీ పనిదినాలు పోల్చే పద్ధతి కాగితంమీద స్పష్టంగా ఉంది. దాన్ని డెల్టాలో అమలు చేయబోతే మొదట ఎదురయ్యే ఇబ్బంది, ఆ ఇంటి స్త్రీ పనిదినాలు ఏ లెక్కలోనూ లేకపోవడం. పట్టా భర్త పేరున, లేదా ఎక్కడో ఉన్న యజమాని పేరున ఉంటుంది. సాగుదారు పత్రం వచ్చినా మగవారి పేరునే వస్తుంది. పూటకూళ్ళమ్మకు కనీసం ఇల్లు తన పేరున నడిచేది.

పదిమంది అతిథుల లోపు ఉండే ఇళ్ళకు ఇటలీ ఇచ్చిన మినహాయింపును ఇక్కడ పెట్టదలిస్తే, నమోదు ఎవరి పేరున జరగాలో దానితోపాటే నిర్ణయం కావాలి. కౌలు కుటుంబమైతే యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా, లంక ఇల్లయితే మత్స్యకార సంఘ సభ్యత్వం ఆధారంగా, రెండుచోట్లా వండి వడ్డించే మనిషి పేరుతో నమోదు చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. పర్యాటక శాఖ మార్గదర్శకాల్లో ఒక పేరా చాలు.